లేఖనములను ప్రశ్నింపవచ్చునా?

రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బైబిలు పాఠములో 137వ కీర్తన చదివించుచుంటిని. బబులోను నదుల యొద్ద కూర్చుండి యేడ్చిన చెరవారి పాట అది. సాధారణముగా నేను ఆరవ వచనముతో ఆపుదును. ఆనాడు చదువుచున్న బాలుడు ఆగక తుదివరకు చదివెను. శత్రువుల పసిబిడ్డలను బండపై మోదువానిని మెచ్చుకొనుచు ఆ కీర్తన ముగియును. బాలుడు కూర్చుండలేదు. "అయ్యగారూ, దీనికి కూడ మేము ఆమేన్ అనవలెనా?" అని యడిగెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. నేను, "కూర్చుండుము. లేఖనమును ప్రశ్నింపరాదు" అంటిని.

అతడు కూర్చుండెను. ఆ సంవత్సరము కంఠస్థ వచనముల పరీక్షలో మొదటి మార్కులు అతనికే వచ్చెను. మరియొక ప్రశ్న మాత్రము అతని నోట రాలేదు. ప్రశ్న అడుగు పిల్లవానిని అణచరాదని ట్రెయినింగు కాలేజీలో మాకు నేర్పిరి. లెక్కల గంటలో నేను దానిని పాటింతును. బైబిలు గంటలో పాటింపనైతిని. ఏలయనగా ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు భయపడితిని. ఆ భయమునకే భక్తి యని పేరు పెట్టుకొంటిని.

అటుపిమ్మట నేను లేఖనములనే వెదకితిని. ప్రశ్నింపరాదను మాట అందు ఎక్కడనున్నదో చూడగోరితిని. నాకు దొరకినది వేరు.

సంఖ్యాకాండము 27వ అధ్యాయమును పాఠకులు ఒకసారి తీసి చూడవలెను. సెలోపెహాదు అనువానికి కుమారులు లేరు. మహ్లా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలు మాత్రము గలరు. తండ్రి అరణ్యములో చనిపోయెను. స్వాస్థ్యము కుమారులకే చెందునది. ఆ అయిదుగురు ఇంట కూర్చుండి సణుగలేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుని యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచి, కుమారులు లేనంతమాత్రమున మా తండ్రి పేరు ఏల మాసిపోవలెనని యడిగిరి. వారు ప్రశ్నించినది ఊరి కట్టుబాటును గాదు, దేవుని పేరట నడచుచున్న ఏర్పాటును. మోషే వారిని కూర్చుండుడని గద్దింపలేదు. తనకు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పనులేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. ఆ కుమార్తెలు చెప్పినది న్యాయమని ప్రత్యుత్తరము వచ్చెను. అందరికిని వర్తించు కట్టడ ఒకటి వెలువడెను. 36వ అధ్యాయములో వారి గోత్రపు పెద్దలు మరల ఒక అభ్యంతరము తెచ్చిరి. ఈ స్త్రీలు వేరు గోత్రములలో పెండ్లాడినయెడల భూమి చేజారునని వారి చింత. అదియు వినబడెను, స్వగోత్రములోనే పెండ్లాడవలెనని నియమమేర్పడెను. ఈ రెండవ కట్టడ ఆ అయిదుగురికి ఎంతవరకు రుచించెనో గ్రంథము చెప్పదు. ఆడపిల్లల తండ్రినిగా నాకు కొంచెము అనుమానమే.

అబ్రాహాము సొదొమ పట్టణము కొరకు ఏబదిమంది నీతిమంతులనుండి పదిమందివరకు తగ్గించి తగ్గించి వాదించిన సంగతి చిన్న తరగతులవారికిని తెలియును. యోబు సంగతి అంతకంటె గంభీరమైనది. కష్టము పాపఫలమేయని వాదించిన ముగ్గురు మిత్రులు దేవుని పక్షమున మాటలాడుచున్నామనియే తలంచిరి. వారి మాటలు మన ప్రసంగములలో నేడును వినబడును. యోబు మాత్రము తన న్యాయము కొరకు దేవునితోనే తర్కించెను. గ్రంథాంతమున దేవుని కోపము రగిలినది ఆ మిత్రులమీద. వారికొరకు ప్రార్థన చేయవలసినవాడు యోబే యయ్యెను.

మన పాఠశాలలో హిందూ బాలబాలికలును, ముసల్మాను బాలబాలికలును గలరు. వారి గ్రంథములను గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. అయినను వట్టిపోయిన ముదుసలి ఆవులను దానమిచ్చుచున్న తండ్రిని నచికేతుడు ప్రశ్నించిన కథ కఠోపనిషత్తులో నున్నదని హిందువులైన తలిదండ్రులు ఎరుగుదురు.

ఇచట మన సంఘపు పెద్దలు ఒక మాట అడ్డము వేయుదురు: మొట్టమొదట ప్రశ్న వేసినది ఏదెను తోటలోని సర్పము గదా యని. నిజమే. కాని ఆదికాండము 3వ అధ్యాయమును నిదానముగా చదువుడు. దేవుడు నిషేధించినది ఒక్క చెట్టు. సర్పము ఏ చెట్టు ఫలమును తినరాదని చెప్పెనా యని మాట మార్చి యడిగెను. తెలిసికొనగోరి యడిగినది కాదు, చెడగొట్టగోరి యడిగినది. సెలోపెహాదు కుమార్తెలు ఉన్నదానిని ఉన్నట్లు చెప్పి, ప్రత్యుత్తరము కొరకు అచటనే నిలిచిరి. ఈ భేదము ప్రశ్నలో నుండదు, అడుగువాని యుద్దేశములో నుండును. తరగతిలో ముప్పది యేండ్లలోపే నిలిచిన ఉపాధ్యాయుడైనను దానిని ముఖము చూచి కనిపెట్టగలడు. నా బాలుని ముఖమును నేను చూడకపోతిని.

లెక్కలు చెప్పు నావంటివానికి ఈ విషయములో ఒకని చరిత్ర మిక్కిలి దగ్గరగా తోచును. జాన్ విలియం కొలెన్సో 1814లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్ సీమలో పుట్టెను. కేంబ్రిడ్జిలో 1836వ సంవత్సరపు గణిత పరీక్షలో రెండవవాడై, హారో పాఠశాలలో లెక్కలు బోధించి, బాలురకు అంకగణితము వ్రాసి పేరొందెను. 1853లో దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతమునకు బిషప్పుగా అభిషేకింపబడెను. అచట జూలూ భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చి, లేఖనములను ఆ భాషలోనికి తెచ్చుచుండెను. ఆ పనిలో అతనికి తోడ్పడినవాడు విలియం ఎన్‌గిడి అను జూలూ విశ్వాసి. జలప్రళయ వృత్తాంతము తర్జుమా చేయుచుండగా ఎన్‌గిడి, ఇదంతయు నిజముగా జరిగినదేనా, శీతదేశముల మృగములును ఉష్ణదేశముల మృగములును అన్నియు ఓడకు వచ్చెనా, మాంసభక్షకములతో కూడ అన్నిటికిని నోవహు మేత సమకూర్చెనా యని యడిగెను. భూగర్భశాస్త్రము చదివిన కొలెన్సోకు లోకమంతయు ఒక్కసారిగా మునిగినదని నమ్ముట సాధ్యము కాకుండెను. నేను చెప్పినట్లు కూర్చుండుమని చెప్పి యుండవచ్చును, చెప్పలేదు. తాను నమ్మనిదానిని ప్రభువు పేరట ఆ మనుష్యునికి చెప్పుటకు అతని మనస్సాక్షి యొప్పుకొనలేదు.

1862 మొదలు 1879 వరకు అతడు పంచకాండములను, యెహోషువ గ్రంథమును పరీక్షించుచు ఏడు భాగముల గ్రంథము ప్రకటించెను. దానిలోని లెక్క ఒకదానిని బాలురు తామే చేసి చూడవచ్చును. సంఖ్యాకాండము ప్రకారము ఇరువదేండ్లు దాటిన పురుషులు 6,03,550. నెల మొదలుకొని పై ప్రాయముగల జ్యేష్ఠ కుమారులు 22,273. మొదటి సంఖ్యను రెండవదానిచే భాగింపుడు: 27 వచ్చి, 2,179 శేషించును. అనగా పెద్దవారిని మాత్రమే లెక్కించినను సగటున ఒక్కొక్క తల్లికి ఇరువదియేడుగురు కుమారులు! హెబ్రీ భాషలో వేయి అను మాటకు వంశము, గుంపు అను అర్థములును గలవని చూపి, తరువాతి పండితులలో కొందరు ఈ సంఖ్యలను వేరు విధముగా చదివిరి. అదియు అన్ని చోట్ల పొసగదు. అయినను, ఎవరో భాగహారము చేసినందుననే గదా ఆ మాటకు అర్థము వెదకవలసివచ్చెను!

కేప్ టౌను బిషప్పు 1863లో అతనిని విచారించి పదవినుండి తొలగించెను. విచారించినవారికి ఆ యధికారము లేదను కారణముచేత లండనులోని ప్రీవీ కౌన్సిలు 1865లో దానిని చెల్లదనెను. 1866లో అతడు సంఘమునుండి వెలివేయబడెను. కొలెన్సో నేటాలు విడిచిపోలేదు, విశ్వాసమును విడువలేదు. 1879 జనవరిలో ఇసాండ్ల్వానా యొద్ద జూలూలు ఇంగ్లీషు సేనను తునుమాడిరి. దొరలందరు పగ పగయని కేకలు వేయుచుండగా, మార్చిలో ఈ బిషప్పు తన దేవాలయములో మీకా 6వ అధ్యాయమునుండి న్యాయము, కనికరము, దీనమనస్సు అను వాటిని ప్రసంగించి, మనము జూలూలయెడల వీటిని చూపితిమా యని తన జనమునే నిలదీసెను. జూలూలు అతనిని సోబాంటు, అనగా ప్రజల తండ్రి, యని పిలిచిరి. 1883లో అతడు చనిపోయెను. అతడు వ్రాసినదంతయు నేనొప్పుకొనను. కవిత్వమును సైతము త్రాసులో తూచు గుణము లెక్కలవారికి గలదు, నాకును గలదు. కాని లేఖనమును నమ్మనివాడని వెలివేయబడినవాడే, యుద్ధకాలమున లేఖనమును ఎల్లరికంటె బిగ్గరగా చదివెను.

ఎన్‌గిడి యడిగినది, ఇది జరిగెనా యని. నా బాలుడు అడిగినది, ఇది తగునా యని. ఈ రెండవది మరింత కఠినము. లెక్కచేత తేలునది కాదు. రోమను కతోలిక సంఘము 1971లో వెలువరించిన నిత్యప్రార్థనల గ్రంథములో ఆ కీర్తనలోని చివరి మూడు వచనములను విడిచిపెట్టెను. 58, 83, 109 కీర్తనలను పూర్తిగానే విడిచెను. అది నాకు సమ్మతము గాదు. ఆరవ వచనముతో ఆపు నా పాత పద్ధతియు అదియు ఒకటే. క్రీ.పూ. 586 ప్రాంతమున యెరూషలేము కాలిపోవుట చూచినవారు, తమ బిడ్డలను పోగొట్టుకొన్నవారు, ఆ మాటలు పలికిరి. అవి దేవుడు మనుష్యునికిచ్చిన ఆజ్ఞ కావు. గాయపడిన మనుష్యుడు దేవుని యెదుట క్రక్కిన విషము. దానిని దాచక వ్రాసియుంచినందులకు నేను కృతజ్ఞుడను. అయితే శత్రువును ప్రేమింపుమని చెప్పిన ప్రభువును వెంబడించువాడు ఆ కోరికను తన కోరికగా పలుకలేడు. కనుక, బాబూ, ఆ యేడ్చినవారితో కూడ ఏడువుము. ఆ చివరి మాటకు ఆమేన్ అననక్కరలేదు. నేనును అనను.

ఆ బాలుడు ఇప్పుడు మరియొక ఊరిలో కాలేజీ చదువులో నున్నాడు. ఈ సంచిక ప్రతి యొకటి అతనికి పంపుచున్నాను. ఇందులో అతనికి ఒప్పనిది తప్పక కొంత యుండును. క్రిస్మసు సెలవులకు వచ్చునని విన్నాను. సాయంకాలము నాలుగు దాటినపిమ్మట నేను ఇంటనే యుందును.