అట్లాంటిక్ దాటింది, గడప దగ్గర ఆగింది

ముందు మూడు ధరలు చూడండి. 2014లో ఏఎంసీ నెట్‌వర్క్స్ అనే అమెరికా కంపెనీ బీబీసీ అమెరికా చానల్‌లో 49.9 శాతం వాటా కొన్నది. ఇచ్చింది 20 కోట్ల డాలర్లు. పదేళ్ల తరవాత, 2024లో, మిగిలిన 50.1 శాతమూ తనే తీసుకుంది. ఈసారి చెల్లించింది 4.2 కోట్ల డాలర్లు. అదే 2024లో బ్రిట్‌బాక్స్ ఇంటర్నేషనల్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో బ్రిటన్ వాణిజ్య టీవీ సంస్థ ఐటీవీకి ఉన్న సగం వాటాను బీబీసీ వ్యాపార విభాగం బీబీసీ స్టూడియోస్ 25.5 కోట్ల పౌండ్లకు, అంటే దాదాపు 32 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

మొదటి బేరం ప్రకారం బీబీసీ అమెరికా మొత్తం విలువ 40 కోట్ల డాలర్లు. రెండో బేరం ప్రకారం 8.4 కోట్లు. పదేళ్లలో ఐదో వంతుకు పడిపోయింది. బ్రిట్‌బాక్స్‌కు అప్పటికి 37.5 లక్షల మంది చందాదారులు. ధరను బట్టి చూస్తే ఒక్కో చందాదారు విలువ సుమారు 136 పౌండ్లు. బ్రిట్‌బాక్స్ అప్పట్లో అమెరికాతో కలిపి 8 దేశాల్లో నడిచేది, బీబీసీ అమెరికా పేరులోనే దాని హద్దు ఉంది, కాబట్టి పోలిక పూర్తిగా సమానం కాదు. అయినా అమ్మే సరుకు రెండు చోట్లా బ్రిటన్‌దే. కార్యక్రమాలు విడివిడిగా సముద్రం దాటితే కొనేవాళ్లున్నారు. చానల్ మొత్తంగా, తన గడియారంతో, తన ప్రకటనలతో, తన చట్టాలతో, తన అలవాట్లతో దాటబోతే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. ఎక్కడెక్కడ అన్నది చూద్దాం.

దూరం అడ్డు కాదు. అది 1962లోనే తీరిపోయింది. ఆ ఏడాది జులై 10న టెల్‌స్టార్ ఉపగ్రహం పైకి వెళ్లింది. బరువు 77 కిలోలు. జులై 23న అమెరికా, ఐరోపా ప్రేక్షకులు ఒకరి బొమ్మలు ఒకరు ప్రత్యక్షంగా చూసుకున్నారు. భూమిని 2 గంటల 37 నిమిషాలకోసారి చుట్టే ఆ ఉపగ్రహం రెండు తీరాలకూ ఒకేసారి కనిపించేది ఒక్కో చుట్టులో 20 నిమిషాల వరకే. 1965 ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ వచ్చాక ఆ తిప్పలూ పోయాయి. అది భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలబడినట్టు ఉండేది. 240 టెలిఫోన్ లైన్లు గానీ ఒక టీవీ చానల్ గానీ మోయగలిగేది. రెండూ ఒకేసారి కాదు.

బొమ్మ వచ్చింది సరే, కొలత కుదరలేదు. అమెరికా టీవీ తెరకు 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు ఉండేవి. బ్రిటన్, ఐరోపాలో చాలా దేశాలకు 625 గీతలు, 25 ఫ్రేములు అయ్యాయి. బ్రిటన్‌లో వీడియో మీద తీసింది అమెరికాకు పంపాలంటే ప్రతి సెకనుకూ లేని 5 ఫ్రేములు పుట్టించాలి. అటునుంచి వచ్చే ఫిల్ముకు ఇంకో చిక్కు. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. ఐరోపా టీవీ దాన్ని 25తో నడిపేసేది. వేగం 4 శాతం పెరుగుతుంది, 50 నిమిషాల ఎపిసోడ్ 48 నిమిషాలకే అయిపోతుంది. పాత్రల గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఒక తరం ఐరోపా ప్రేక్షకులు అమెరికా వాళ్లను ఉన్నదానికంటే కొంచెం హడావుడి మనుషులుగా చూశారన్నమాట, కనీసం తెర మీద.

ఇంజినీర్లు ఈ ముడి విప్పగలిగారు. గంటకు ఎన్ని నిమిషాలు అన్న ముడి మాత్రం డబ్బుతో పడింది. బీబీసీకి బ్రిటన్‌లో ప్రకటనలు లేవు, టీవీ చూసే ఇళ్లు కట్టే లైసెన్సు ఫీజుతో నడుస్తుంది. అందుకే అక్కడ గంట నాటకం అంటే దగ్గర దగ్గర 58 నిమిషాలు. అమెరికా వాణిజ్య టీవీలో గంట నాటకం అంటే 42 నుంచి 44 నిమిషాలు, మిగతాది ప్రకటనలది. బీబీసీ అమెరికా 1998 మార్చిలో డిస్కవరీ తోడుతో మొదలైనప్పుడు అది బ్రిటన్ జనం లైసెన్సు ఫీజుతో నడిచే చానల్ కాదు, వ్యాపార చానల్. ప్రకటనలు వేసుకోవాల్సిందే. 58 నిమిషాల నాటకాన్ని అమెరికా లెక్క ప్రకటనలతో వేస్తే దాదాపు 80 నిమిషాలు పడుతుంది, తరవాతి కార్యక్రమాలన్నీ వరసగా జరిగిపోతాయి. గంటలో ఇమడ్చాలంటే 14 నిమిషాలు కోయాలి, అంటే నాలుగో వంతు కథ. ఏది చేసినా ప్రేక్షకుడికి చిరాకే.

ఎపిసోడ్ల సంఖ్య దగ్గర తేడా ఇంకా పెద్దది. బ్రిటన్‌లో ఒక సిరీస్‌కు 6 ఎపిసోడ్లు మామూలు. ఎంతో పేరున్న ఫాల్టీ టవర్స్ 1975లో 6, 1979లో 6, మొత్తం 12. అమెరికాలో ఒక సీజన్‌కే 22 ఉండేవి. అక్కడ పాత కార్యక్రమాలను సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఒకటి వేసి సొమ్ము చేసుకునే పద్ధతి ఉంది, దానికి 100 ఎపిసోడ్లు కావాలని పరిశ్రమ లెక్క. వంద ఉంటే 20 వారాలు నడుస్తుంది. ఫాల్టీ టవర్స్ రెండు వారాల రెండు రోజుల్లో ఖాళీ. బ్రిటన్‌లో ది ఆఫీస్ 14 ఎపిసోడ్లతో ముగిసింది. దాన్నే అమెరికా వాళ్లు మళ్లీ తీసి 2005 నుంచి 2013 దాకా 201 ఎపిసోడ్లు లాగారు. లాగారు అనడంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

ఇంత తక్కువ సరుకుతో 24 గంటల చానల్ నింపడం ఎలా? పైగా బీబీసీ తన మంచి సరుకును ఎక్కువ డబ్బిచ్చినవాళ్లకు అమ్ముకునేది. మళ్లీ కొత్తగా తీసిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ అమెరికాలో మొదట 2006లో సైఫై చానల్‌లో వచ్చింది. ప్లానెట్ ఎర్త్ 2007లో డిస్కవరీకి వెళ్లింది, అదీ డేవిడ్ అటెన్‌బరో గొంతు తీసేసి హాలీవుడ్ నటి సిగోర్నీ వీవర్ గొంతు పెట్టుకుని. షెర్లాక్ పబ్లిక్ టీవీ అయిన పీబీఎస్‌కు వెళ్లింది. బీబీసీ పేరు పెట్టుకున్న చానల్ ఖాళీలు పూడ్చుకోవడానికి స్టార్ ట్రెక్ ద నెక్స్ట్ జనరేషన్ పాత ఎపిసోడ్లు వేసుకుంది. అందులో అంతరిక్ష ఓడ కెప్టెన్‌గా వేసిన పాట్రిక్ స్టీవర్ట్ యార్క్‌షైర్ మనిషే కదా అని సరిపెట్టుకోవాలి.

అసలు అమెరికా ఇళ్లలోకి బయటి కార్యక్రమాలు ఎన్ని వెళ్లేవి? దీనికి ఒక పాత లెక్క ఉంది. ఫిన్లండ్ పరిశోధకులు కార్లె నోర్డెన్‌స్ట్రెంగ్, తాపియో వారిస్ చేసిన అధ్యయనాన్ని యునెస్కో 1974లో ప్రచురించింది. అమెరికా వాణిజ్య టీవీలో విదేశీ కార్యక్రమాల వాటా 1 శాతం, పబ్లిక్ టీవీలో 2 శాతం. బీబీసీలో 12, ఐటీవీలో 13. బ్రిటన్ అంకెలు అలా పక్కపక్కన ఉండటం కాకతాళీయం కాదు. విదేశీ సరుకు 14 శాతం దాటకూడదని అక్కడ ఒక అలిఖిత ఒప్పందం నడిచేది. అమెరికాలో అలాంటి కోటా ఏదీ లేదు. కోటా లేని చోట 1 శాతం, ఉన్నచోట 12, 13.

అమెరికాలో ఆంక్ష ఉన్నది యాజమాన్యం మీద. 1934 కమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ప్రసార లైసెన్సున్న స్టేషన్‌లో విదేశీయుల నేరు వాటా 20 శాతం మించకూడదు. ఆస్ట్రేలియాలో పుట్టిన మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ 1985 సెప్టెంబరులో అమెరికా పౌరసత్వం తీసుకున్నది ఇందుకే. ఆ తరవాత మెట్రోమీడియా కంపెనీ టీవీ స్టేషన్లు కొని 1986లో ఫాక్స్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. కేబుల్ చానళ్లకు ఈ హద్దు వర్తించదు. అక్కడ తాళం కేబుల్ ఆపరేటర్ చేతిలో ఉంటుంది. ఇంటికి నెలకింత అని ఆపరేటర్ చానల్‌కు చెల్లిస్తాడు, చూసినా చూడకపోయినా. క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్‌కు ఆ రేటు 7 డాలర్లు దాటిందని పరిశ్రమ అంచనాలు. చిన్న చానళ్ల బేరం సెంట్లలో. జనం కేబుల్ తీగ కత్తిరించడం మొదలుపెట్టాక ముందు ఎండిపోయింది ఈ సెంట్ల కాలవే. బీబీసీ అమెరికా విలువ 40 కోట్ల డాలర్ల నుంచి 8.4 కోట్లకు పడింది ప్రధానంగా అందువల్లే.

పీబీఎస్ దారి వేరు. 1971 జనవరి 10న అక్కడ బ్రిటన్ నాటకాలు వేసే మాస్టర్‌పీస్ థియేటర్ మొదలైంది, మొబిల్ చమురు కంపెనీ ఖర్చు భరించింది. మధ్యలో ప్రకటనలు లేవు కాబట్టి కోయాల్సిన పనీ తక్కువ. నలభై ఏళ్ల తరవాత బ్రిటన్ సీరియల్ డౌన్‌టన్ ఆబీ అక్కడే వచ్చింది. 2014 జనవరిలో నాలుగో సీజన్ తొలి రోజు చూసినవాళ్లు 1.02 కోట్ల మంది. బ్రిటన్‌లో ఆ సీజన్ అంతకుముందు సెప్టెంబరులోనే మొదలై ముగిసిపోయింది కూడా. ఆ మూడు నాలుగు నెలల ఎడంలో ఎవరు చచ్చిపోయారో ఇంటర్నెట్ చెప్పేసేది. డాక్టర్ హూ అభిమానుల గోల భరించలేక బీబీసీ 2010 క్రిస్మస్ నుంచి రెండు దేశాల్లో ఒకే రోజు వేయడం మొదలుపెట్టింది. 2013 నవంబరు 23న 50 ఏళ్ల ప్రత్యేక ఎపిసోడ్ 94 దేశాల్లో ఒకేసారి నడిచింది.

ఇప్పుడు అవతలి ఒడ్డుకు, ఐరోపాకు వెళ్దాం. అక్కడి భయం డాలస్ అనే అమెరికా సీరియల్. ఆ టెక్సస్ చమురు కుటుంబం కథలో ముఖ్యపాత్ర జేఆర్‌ను కాల్చిందెవరో తేలిన 1980 నవంబరు ఎపిసోడ్‌ను అమెరికాలో 8.3 కోట్ల మంది చూశారు, మరునాడు బ్రిటన్‌లో 2.1 కోట్లకు పైగా. జనాభాతో భాగిస్తే ముచ్చటేస్తుంది. అమెరికాలో 37 శాతం, బ్రిటన్‌లోనూ దాదాపు అంతే. ఫ్రాన్స్ సంస్కృతి మంత్రి జాక్ లాంగ్‌కు ఆ సీరియల్ అమెరికా సాంస్కృతిక సామ్రాజ్యవాదానికి చిహ్నంగా కనిపించింది. అదే కాలంలో నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు డాలస్ చూసేవాళ్లను ఉత్తరాలు రాయమంది. వచ్చినవి 42. వాళ్లలో కొందరు దాన్ని వెక్కిరించుకుంటూ చూస్తున్నారు, కొందరు అందులో తమ ఇంటి గొడవలు చూసుకుంటున్నారు. 42 ఉత్తరాలు నమూనాగా చాలా చిన్నవే. కానీ మంత్రుల ఉపన్యాసాలకంటే అవే నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తాయి.

చట్టం మాత్రం ఉపన్యాసాలను విన్నది. 1989 అక్టోబరులో ఐరోపా సమాజం 'సరిహద్దులు లేని టెలివిజన్' ఆదేశం తెచ్చింది. ప్రసార సమయంలో సగానికి మించి ఐరోపా కార్యక్రమాలే ఉండాలి, 'సాధ్యమైన చోట'. ఆ చివరి రెండు మాటల సందులోంచి చాలా చానళ్లు దూరిపోయాయి. అయినా అమెరికా ప్రతినిధుల సభ ఆ నెలలోనే దాన్ని ఖండిస్తూ 342-0 ఓట్లతో తీర్మానం చేసింది. తమ తెర మీద విదేశీ వాటా అంత తక్కువగా ఉన్న దేశానికి సగం వాటా మీద అంత కోపం. 1993లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం గాట్ మీద చర్చలు ఈ గొడవతోనే విరిగిపోయే దాకా వెళ్లి, టీవీ, సినిమాలపై రాజీ కుదరకుండానే ముగిశాయి. అమెరికాకు అది వ్యాపారం, ఫ్రాన్స్‌కు సంస్కృతి. 2005లో యునెస్కో సాంస్కృతిక వైవిధ్య ఒప్పందం 148 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించింది అమెరికా, ఇజ్రాయెల్ రెండే.

వార్తల్లో ఈ తేడా ఇంకా ముదురు. ప్రసారకర్త ఇరుపక్షాల వాదనా వినిపించాలన్న నియమాన్ని అమెరికా 1987లో ఎత్తేసింది. బ్రిటన్‌లో నిష్పాక్షికత నియమం చానల్ ఎక్కడిదైనా వర్తిస్తుంది. స్కై శాటిలైట్ సర్వీసు ద్వారా బ్రిటన్‌లో కనిపించిన ఫాక్స్ న్యూస్‌ను 2017 ఆగస్టులో తీసేశారు. రోజు మొత్తం మీద చూసేవాళ్లు కొద్ది వేలమందేనని యజమానులే చెప్పారు. ఆ నవంబరులో అందులోని రెండు కార్యక్రమాలు నియమం తప్పాయని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తేల్చింది, అప్పటికి చానలే లేదు. ఇటు అమెరికా పట్టుదల ఇంకో చోట, అసభ్యత మీద. 2004 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్‌బౌల్ విరామంలో గాయని జానెట్ జాక్సన్ ఛాతీ ఒక్క క్షణం కనబడినందుకు, ప్రసారం చేసిన సీబీఎస్‌కు 5.5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. తరవాత కోర్టులో అది నిలవలేదు గానీ, 2006లో అసభ్యతకు గరిష్ఠ జరిమానా 32,500 డాలర్ల నుంచి 3.25 లక్షలకు పెరిగింది. బ్రిటన్‌లో రాత్రి 9 దాటితే పెద్దవాళ్ల కార్యక్రమాలు మొదలవుతాయి. అమెరికా ప్రసార టీవీలో ఆ గీత 10 గంటలకు.

చానల్‌కు ఇన్ని తంటాలుంటే ఫార్మాట్‌కు, అంటే కార్యక్రమం నమూనాకు, ఏమీ లేవు. హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్ 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదలై, 1999 ఆగస్టులో అమెరికాకు, 2000 జులైలో కౌన్ బనేగా కరోడ్‌పతిగా హిందీకి, 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా తెలుగుకు వచ్చింది. ప్రశ్నలు మనవి, కుర్చీ వాళ్లది. ఎదురు దిక్కున మన చానళ్లు అమెరికా వెళ్లినప్పుడు పరిస్థితి బీబీసీకంటే సులువు. 2017 నాటికి అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 4.15 లక్షలు, ఏడేళ్లలో 86 శాతం పెరుగుదల. వాళ్లు కోరుకున్నది ఇంటి చానల్ ఉన్నది ఉన్నట్టుగానే. హైదరాబాద్‌లో రాత్రి 8 గంటల సీరియల్ న్యూయార్క్‌లో వేసవి ఉదయం పదిన్నరకు పడుతుందన్నదొక్కటే ఇబ్బంది.

ఐరోపా కోటా ఇప్పుడు స్ట్రీమింగ్‌కూ వచ్చింది. 2018 ఆదేశం ప్రకారం నెట్‌ఫ్లిక్స్ లాంటి సర్వీసుల జాబితాలో 30 శాతం ఐరోపా కార్యక్రమాలు ఉండాలి. లెక్క జాబితాకే, చూసిన గంటలకు కాదు. బ్రిటన్ 2020 జనవరి 31న ఐరోపా యూనియన్ వదిలి వెళ్లిపోయింది. అయినా బ్రిటిష్ కార్యక్రమాలు ఆ 30 శాతంలోకే వస్తాయి, ఎందుకంటే ఐరోపా మండలి 1989లో తెచ్చిన వేరే టీవీ ఒప్పందంలో బ్రిటన్ సభ్యదేశం. కాబట్టి అమెరికా కంపెనీ డబ్బుతో, బ్రిటన్ నిర్మాతల చేతుల మీదుగా ఇంగ్లీషులో తయారయ్యే సిరీస్ పారిస్ లెక్కల్లో ఐరోపా సంస్కృతి కింద జమ పడవచ్చు.