మారుమనస్సు ఎవరి పని?
చిత్తూరు సీమ క్రైస్తవ సంఘాలలో దైవకృప, మానవేచ్ఛల సమస్య

ఒక మనిషి క్రైస్తవం స్వీకరించినాడంటే అది అతడు తన ఇష్టంతో చేసుకొన్న నిర్ణయమా? లేక దేవుని కృప ముందుగా అతని హృదయాన్ని త్రిప్పినందువల్లనే అతడు ఆ నిర్ణయానికి రాగలిగాడా? ఇది వేదాంత పాఠశాలలకు మాత్రమే పరిమితమైన వాదంగా కనిపించవచ్చు. కాని పాత చిత్తూరు జిల్లాలో ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు చెప్పే క్రైస్తవ మిషన్లు ఒకదాని పొలిమేరలో ఒకటి దశాబ్దాల తరబడి పనిచేశాయి. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, దక్షిణాన చిత్తూరు ప్రాంతాలలో అమెరికా రిఫార్మ్‌డ్ సంఘంవారి ఆర్కాటు మిషన్ ఉండేది. తూర్పున తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు ప్రాంతాలు జర్మనీనుండి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్‌వి. మైసూరు సరిహద్దు దాటితే కోలారులో మెథడిస్టులు. ఒకరి ఉపదేశం మరొకరి ఉపదేశంతో ఈ ఒక్క విషయంలో కలవదు.

ఆర్కాటు మిషన్ 1853లో స్కడర్ సోదరుల చేతులమీదుగా రూపుదాల్చింది. మదనపల్లెలో చాలాకాలం పనిచేసి 1908లో అక్కడే మరణించిన జేకబ్ చేంబర్లిన్ తెలుగు బైబిలు సవరణలో కూడ పాలుపంచుకొన్నాడు. వీరి సంఘం అంగీకరించిన విశ్వాస ప్రమాణాలలో డోర్ట్ మహాసభ నిర్ణయాలు ఒకటి. హాలెండులో ఆర్మీనియస్ అనుచరులు 1610లో ఒక వాదం లేవదీశారు. ఎవరు విశ్వసిస్తారో దేవుడు ముందే ఎరిగి, అట్టివారినే రక్షణకు ఎన్నుకొన్నాడనీ, కృపను మనిషి త్రోసిపుచ్చగలడనీ వారు చెప్పారు. 1618-19లో డోర్ట్‌లో సమావేశమైన మహాసభ దీనిని నిరాకరించింది. పాపంలో పడిన మనిషి తనంతట తాను దేవునివైపు తిరుగలేడు. అతని విశ్వాసాన్ని చూచి దేవుడు అతణ్ణి ఎన్నుకోలేదు. ఎన్నుకొన్నాడు గనుకనే విశ్వాసం అనుగ్రహించాడు. ఇదీ వారి తీర్పు. దీనిని జడవాదమని కొట్టివేయడం తేలిక. అయితే మనుషులను రాళ్ళనూ మొద్దులనూ దొర్లించినట్లు కృప దొర్లించదని, అది మనిషి ఇచ్ఛను చంపక బ్రతికిస్తుందని ఆ మహాసభయే వివరించింది. చచ్చినవాడు లేచి నడిస్తే నడిచినది అతడే, కాని లేపినది అతడు కాదు. వారి వాదం ఇటువంటిది.

లూథరన్ల దారి వేరు. స్వేచ్ఛ మీద ఎరాస్మస్ 1524లో వ్రాసిన గ్రంథానికి లూథర్ 1525లో తీవ్రమైన జవాబు వ్రాశాడు. 1577 నాటి లూథరన్ ఒప్పందపత్రం ప్రకారం మారుమనస్సులో మనిషి ఇచ్ఛ చేయగలిగినది ఏమీ లేదు, అంతా కృపయే. కాని నశించేవాడు మాత్రం తన నిరాకరణవల్లనే నశిస్తాడు, దేవుని నిర్ణయంవల్ల కాదు. తర్కం దృష్టితో చూస్తే ఈ రెండు సగాలూ అతకవు. అది దేవుని రహస్యమని వారు అక్కడితో ఆగిపోతారు.

ఆగనివారు పోట్లాడుకొన్నారు. అమెరికాలో 1880 ప్రాంతంలో మిస్సోరీ సినాడుకు చెందిన వాల్తర్ ఒక పక్షాన, ఒహాయో సినాడువారు మరొక పక్షాన ఇదే విషయమై తలపడినారు. రాబోయే విశ్వాసాన్ని దృష్టిలో ఉంచుకొనే దేవుడు ఎన్నుకొన్నాడని ఒహాయోవారి మాట; అట్లా అంటే రక్షణలో మనిషికి వాటా ఇచ్చినట్లేనని మిస్సోరీవారి ఆక్షేపణ. 1881లో ఒహాయోవారు ఉమ్మడి సభనుండి విడిపోయినారు. విచిత్రమేమంటే తరువాత ఇరువురూ మన ప్రాంతంలోనే పొరుగువారైనారు. మిస్సోరీవారు 1895లో కృష్ణగిరిలో పని ప్రారంభించి అంబూరువైపు విస్తరించారు. 1910ల దశకంలో, ముఖ్యంగా మొదటి ప్రపంచయుద్ధం జర్మన్ల పనికి అడ్డుపడినప్పుడు, పుత్తూరు, కోడూరు, తిరుపతి ప్రాంతాల హెర్మన్స్‌బర్గ్ పని ఒహాయోవారి చేతికి వచ్చింది. నేడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ పరంపరలోనిదే. అమెరికాలో ఆ చీలికకు కారణమైన సూక్ష్మభేదాన్ని పుత్తూరు పల్లెలలో ఎందరు పట్టించుకొన్నారన్నది వేరే మాట.

మెథడిస్టులు వెస్లీ ననుసరించి మధ్యేమార్గం పట్టారు. కృప ముందు నడుస్తుంది, కాని అందరికీ సమానంగా నడుస్తుంది. ఎన్నుకొనే శక్తిని తిరిగి ఇచ్చి, ఎన్నికను మనిషికే వదలుతుంది.

తిరుపతివాసులకు ఈ వాదం పూర్తిగా క్రొత్తది కాదు. పిల్ల తల్లిని తానే పట్టుకొనే మర్కట కిశోర న్యాయం, పిల్లను తల్లియే నోట కరచుకొని పోయే మార్జాల కిశోర న్యాయం అంటూ వడగలై, తెంగలై వైష్ణవులు శతాబ్దాలుగా వాదించుకొన్నారు. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఆటో ఈ పోలికను గ్రహించి 1930లో దానిపై గ్రంథమే ప్రచురించాడు. ముస్లిం పాఠకులకు ఖదరియ్యా, జబరియ్యా వర్గాలు గుర్తుకు రాకమానవు. దివ్యఖుర్ఆన్‌లో ఇష్టమున్నవారు విశ్వసించవచ్చు, ఇష్టమున్నవారు తిరస్కరించవచ్చుననే భావం (18:29) ఉన్నది. ప్రవక్త సైతం తాను ప్రేమించినవారిని సన్మార్గానికి తేలేరు, అది అల్లాహ్ పని అనే భావమూ (28:56) ఉన్నది. క్రియను సృష్టించేది అల్లాహ్, ఆర్జించేది మానవుడు అని అష్‌అరీ ఈ రెంటినీ కలిపి చెప్పాడు. హనఫీలు ఎక్కువగా అనుసరించే మాతురీదీ మానవుని ఎంపికకు మరికొంత చోటిచ్చాడు. ఈ పోలికలను మరీ సాగదీయరాదు. జన్మతః సంక్రమించే పాపం అనే భావన ఇస్లాంలో లేదు. క్రైస్తవంలో కృప ముందు రావాలనడానికి మూలం అదే.

సిద్ధాంతాలన్నీ ఒంటరి మనిషిని ఊహించుకొని చేసినవి. చిత్తూరు సీమలో మిషనరీల ముందుకు వచ్చినవారు తరచుగా ఒంటరిగా రాలేదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మాల, మాదిగ పల్లెలనుండి కొన్ని కుటుంబాలు కలిసి, కులపెద్దల సమ్మతితో వచ్చి, తమకు ఉపదేశిని పంపమని అడిగేవి. ఆర్కాటు మిషన్‌వారు వారిని వెంటనే చేర్చుకొనక షరతులు పెట్టేవారు: విగ్రహారాధన మానాలి, ఆదివారం పాటించాలి, చచ్చిన పశువు మాంసం తినరాదు. తరువాత నెలల తరబడి పాఠం, ఆపైననే బాప్తిస్మం. విశ్వాసం దేవుని వరమైతే షరతులెందుకన్నది న్యాయమైన ప్రశ్న. హృదయంలోని కృప కంటికి కనబడదు గనుక నడవడి చూడక తప్పలేదు. యుద్ధరంగంలో కలిమా పలికినవానిని ప్రాణభయంతో పలికినాడని భావించి చంపిన ఉసామాను, అతని గుండె చీల్చి చూచావా అని దైవప్రవక్త (స) మందలించిన సంగతి ఇక్కడ స్మరింపదగినది.

1876-78 కరువు ఈ పరీక్షను మరింత కఠినం చేసింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపినాడు, కాని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం ముగిసిన తరువాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మమిచ్చారు. కూటి కోసం కలిశారన్న నింద అయినా పోలేదు. నిజానికి ఆకలీ, అవమానమూ నడిపించిన నిర్ణయం నిర్ణయం కాకపోదు. మర్యాదగా నీరు త్రాగే హక్కు కోరడం ఆత్మసంబంధం కాదనేవారు ఆ పల్లెలలో బ్రతికి చూచినవారు కారు. కృప అటువంటి తలుపునుండి రాదని డోర్ట్ సభ కూడ అనలేదు.

ఇక చట్టం దృష్టి వేరు. మతప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ పాదిరికీ అట్టి శక్తి లేదని కాల్విన్ మతస్థులు ఏనాడో అన్నారు. కాని శక్తి లేదనడం ఒకటి, హక్కు లేదనడం మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉన్నది. క్రైస్తవులకూ ముస్లింలకూ లేదు. బాప్తిస్మ రిజిస్టరులో పేరు వ్రాయించుకొన్న దళితుణ్ణి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో లెక్కిస్తారు. అందువల్ల ఆదివారం ఆరాధనకు తప్పక వెళ్తూ, బాప్తిస్మాన్ని ఏండ్ల తరబడి వాయిదా వేసేవారున్నారు. వారిని విశ్వాసులలో లెక్కించాలా, ఇంకా కృప అందనివారుగా చూడాలా అన్న ప్రశ్న సంఘకాపరులకు నేటికీ ఎదురవుతూనే ఉన్నది.