సొంత సైటుకి రిపీటు ఆడియన్సు!

సినిమా హిట్టో ఫట్టో మొదటి రోజు మొదటి ఆటకి తేలదు. ఆ రోజు వచ్చేవాళ్ళు హీరో కోసం వస్తారు, గోల కోసం వస్తారు, కాగితాలు చింపి ఎగరేయటానికి వస్తారు. చూసి వెళ్ళినవాడే మర్నాడు బావమరిదిని వెంటేసుకుని మళ్ళీ వచ్చాడా... అదీ అసలు లెక్క! సినిమా వాళ్ళ భాషలో దానికి రిపీటు ఆడియన్సు అని పేరు.

సొంత వెబ్‌సైటు సంగతీ అచ్చంగా ఇంతేనండీ. పెట్టటం ఇవాళ బ్రహ్మవిద్య కాదు. ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. పెట్టిన నాడు చుట్టాలూ స్నేహితులూ తొంగి చూసి "బ్రహ్మాండం!" అంటారు. మళ్ళీ ఆ వేపు రారు. రప్పించటమెలాగన్నదే ప్రశ్న.

భీమవరం కుర్రాళ్ళకి సినిమా పిచ్చి ఉండటంలో వింతేమీ లేదు. త్రివిక్రమ్, సునీల్ ఈ ఊరివాళ్ళే. కాస్త అవతలకి వెళితే కృష్ణంరాజు, చిరంజీవిల మొగల్తూరు. ఇంకోవేపు అల్లు రామలింగయ్య, దాసరి, కోడి రామకృష్ణల పాలకొల్లు. 2014లో ఊరి పేరుతోనే సునీల్ హీరోగా "భీమవరం బుల్లోడు" కూడా వచ్చింది. మరోపక్క 1980 నుంచీ ఇక్కడ ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సినిమా పిచ్చీ కంప్యూటరు చదువూ ఒకే ఇంట్లో కాపురం పెడితే ఏం పుడుతుంది? అభిమాన హీరో పేరిట ఒక సైటు పుడుతుంది!

ఈ వ్యాసకర్తదీ ఆ బాపతే. ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి ఒక సైటు తయారుచేశాను. తెరవగానే హార్మోనియం పెట్టెకి జలుబు చేసినట్టు ఒక పాట మోగేది. "స్వాగతం సుస్వాగతం" అనే అక్షరాలు కుడి నుంచి ఎడమకి పరుగెత్తేవి. నలుగురు హీరోల ఫోటోలు... అవీ ఇంకెక్కడినుంచో ఎత్తుకొచ్చినవే. అడుగున ఎంతమంది చూశారో చెప్పే మీటరు. ఆ మీటరు రోజూ పెరుగుతూనే ఉండేది. ఎందుకు పెరగదూ? దాన్ని చూడటానికి రోజుకి పదిసార్లు వెళ్ళేవాణ్ణి నేనే కదా!

కథ మలుపు తిరిగింది చాలా ఏళ్ళ తర్వాత, ఒక చిన్న పేజీతో. మా ఊరి పాత హాళ్ళ గురించి నాకు గుర్తున్నది రాసి పెట్టాను. నేల, బెంచీ, ఇంటర్వెల్‌లో అమ్మే పాటల పుస్తకాలు. (వాటి చివర కథ సగంలో ఆపి, మిగిలింది వెండితెర మీద చూడండనేవారు, గుర్తుందా?) అందులో "రీలు అయిపోగానే ఆట ఆపి, ఇంకో రీలు ఎక్కించేవారు" అని ధీమాగా రాసిపడేశాను. వారం తిరక్కుండా ఒకప్పటి సినిమా హాలు ఆపరేటరు గారు కబురంపించారు. మనవడు ఫోనులో చూపించాడట!

వెళ్ళాను. కాఫీ ఇచ్చి మరీ చివాట్లు పెట్టారు.

"అదేంటి బాబూ, ఆట ఆపటమేంటి? ఆపితే జనం కుర్చీలు ఇరగ్గొట్టరూ? మిషన్లు రెండుంటాయండీ. ఒకటి తిరుగుతుంటే రెండోది రెడీగా ఉంటుంది. తెర మీద కుడిపక్క పైమూల చుక్క పడుద్ది, చూశారా ఎప్పుడైనా?"

"చూశాను గానీ బాబాయ్ గారూ, గీతలు పడిన ప్రింటేమో అనుకున్నా."

"అదే మరి! మొదటి చుక్కకి రెండో మిషను మోటారెయ్యాలి. ఏడెనిమిది సెకన్లలో ఇంకో చుక్క. దానికి ఇటు మూసి అటు తియ్యాలి. జనానికి తెలిసిందా, మన పనితనం లేనట్టే!"

వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. పదహారు రీళ్ళ సినిమా అంటే ఇంచుమించు మూడు గంటలు. ఆ మూడు గంటలూ దీపం కోసం కార్బన్ కడ్డీలు మండుతుంటే, అవి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఆ ఉడుకుగదిలో నిలబడాలి. ఇదంతా ఆయన మాటల్లోనే రాసి, పైన "నేను తప్పు రాశాను, ఇదిగో సరిదిద్దినది" అని తేదీ వేసి పెట్టాను. చెబితే నమ్మరు, ఆ పేజీకి జనం వచ్చారండీ! గల్ఫు నుంచి ఒకాయన, అమెరికా నుంచి ఒకావిడ. "చుక్క సంగతి మా పిల్లలకి చూపించాం, తర్వాతేం రాస్తున్నారు?" అని అడిగారు. హీరోల ఫోటోలకి రానివాళ్ళు చుక్క కోసం వచ్చారు. హీరో ఫోటో ఎక్కడైనా దొరుకుతుంది. ఆ చుక్క మాత్రం ఆపరేటరు గారి దగ్గరే దొరుకుతుంది మరి!

పెద్ద సైట్ల కథా ఇదే. జీవి 1999లో మొదలెట్టిన ఐడిల్‌బ్రెయిన్‌ని చూడండి. శుక్రవారం సినిమా పడిందంటే, ఐదుకి ఎన్ని మార్కులు వేశాడో చూడకుండా టిక్కెట్టు తియ్యని తెలుగువాళ్ళు అమెరికా నిండా ఉండేవారు. రంగులూ హంగులూ ఏమంత లేవు. సినిమా రాగానే సమీక్ష ఉంటుందన్న నమ్మకం, అంతే. ఆంధ్రభారతి నిఘంటువుల సైటుకి వెళ్ళేవాళ్ళదీ అదే తంతు. ఒక్క మాట కొడితే పలు నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనబడతాయి. పని అయిపోతుంది. మళ్ళీ పనిపడ్డప్పుడు కాళ్ళు అటే లాగుతాయి.

అంచేత వారానికో పదిహేను రోజులకో ఒకటి పెట్టండి. పెట్టే రోజు మాత్రం మార్చకండి. రోజూ రాస్తానని శపథాలు పట్టినవాళ్ళు మూడో వారానికి మాయమవుతారు, నా అనుభవం!

ఇక అక్షరాల సంగతి. మొదట్లో తెలుగు సైట్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో ఫాంటు. అది మన కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే! కొందరు రాతని బొమ్మగా చేసి అతికించేవారు. అవి ఇవాళ ఎంత వెతికినా దొరకవు. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తీరింది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు అక్షరాల పేరేమిటనుకున్నారు? గౌతమి! మన గోదావరి పాయ పేరే. ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్లలో ఎన్టీఆర్ పేరుతోనూ ఒకటుంది. ఏదైనా వాడండి గానీ, చదివేవాడు చేత్తో పట్టుకున్నది చిన్న ఫోనని మరిచిపోకండి. నాలుగైదు ఎంబీల ఫోటోని అలాగే ఎక్కించకుండా, రెండొందల కేబీకి కుదించండి. పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావలసివస్తే ఆ మనిషి మళ్ళీ రాడు.

పాటలు మాత్రం ఎక్కించకండి బాబూ! సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. పాట రాసిన కవికైతే ఆయన పోయాక కూడా 60 ఏళ్ళు. మనకున్న సరదా మన మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో ముచ్చట. ఎవరి జాగాలోనో ఉచితంగా గుడిసె వేసుకుంటే ఎప్పుడైనా ఖాళీ చెయ్యమంటారు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలాది మంది సొంత పేజీలు పెట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009 అక్టోబరులో మూసేసింది. కొన్ని పేజీల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివాళ్ళు పట్టి దాచారు, తక్కినవి గోదాట్లో కలిసినట్టే. కాబట్టి ఏటా కాస్త డబ్బు కట్టి సొంత పేరు కొనుక్కోండి. రాసిందంతా ఇంట్లో ఇంకో కాపీ ఉంచండి. పేజీల చిరునామాలు మార్చకండి. పాత చిరునామాతో వచ్చినవాడికి తాళం కప్ప కనబడితే ఎంత చిన్నబోతాడు!

పోతే పోయిందిలే, సినిమా కబుర్లే కదా అంటారేమో. 1921లో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" ప్రింటు ఇవాళ లేదు. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద", 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది, దాని ప్రింటూ లేదు. సినిమాలకే దిక్కులేనప్పుడు, వాటిని ఆడించిన మనుషుల సంగతి ఎవరు దాస్తారు? హాళ్ళన్నీ డిజిటల్ అయ్యాక రీలు తిప్పే చేతులకి పనిలేదు. కార్బన్ కడ్డీ వెలిగించినవాళ్ళలో మిగిలినవాళ్ళు ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. మైకు కట్టుకుని రిక్షాలో తిరుగుతూ కరపత్రాలు పంచినవాళ్ళు, గోడ మీద హీరో మొహం రాసిన పెయింటర్లు, అందరిదీ అదే వరస. ఫోన్లో రికార్డరు నొక్కి ఓ గంట కూర్చుంటే చాలు, సైటుకి ఆర్నెల్ల సరుకు. అయితే పేరు వెయ్యాలో వద్దో వాళ్ళనే అడగండి. మా ఆపరేటరు గారు "నా పేరెందుకు బాబూ, చుక్క సంగతి రాయి చాలు" అన్నారు. వెయ్యలేదు.

మొన్న మళ్ళీ ఫోను చేశారు. నేను రాసిన రెండో పేజీలో ఇంకో తప్పు దొరికిందట! "శుక్రవారం లోపు ఓసారి ఇలా వచ్చెళ్ళండి. పాలకొల్లులో నాతో పనిచేసినవాడు కూడా వస్తన్నాడు. ఆడికి నాకన్నా ఎక్కువ తెలుసు" అన్నారు.

రికార్డరు చార్జింగులో పెట్టాను.