ఫేకో చాప్

ముదిరిన శుక్లాన్ని కంటిలోనే ముక్కలు చేసి తీసే పద్ధతి ఇది. 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని కరిగించి పీల్చే ఫేకో శస్త్రచికిత్సకు నాంది పలికారు. కటకంలో గాడులు తవ్వి నాలుగు ముక్కలు చేసే విధానం ఆ తర్వాత వచ్చింది. గాడి తవ్వాలంటే అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడాలి. అది కార్నియా లోపలి పొర కణాలకు చేటు. పోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు.

1993లో జపాన్ వైద్యుడు కునిహిరో నగహారా వేరే దారి చూపారు. కట్టెను చార వెంట చీల్చినట్టు కటకాన్నీ దాని పోగుల వెంట చీల్చవచ్చన్నది ఆయన ఆలోచన. ఫేకో సూదిని గట్టి భాగంలో గుచ్చి, వాక్యూమ్‌తో పట్టి ఉంచి, రెండో చేత్తో చాపర్ అనే చిన్న కొక్కేన్ని సూదివైపు లాగుతారు.

నేర్చుకునేవారికి కష్టమంతా ఆ రెండో చేతి దగ్గరే. అడ్డంగా చీల్చేటప్పుడు చాపర్ మొన కటకం అంచు చుట్టూ, ముందు పొర కింద నుంచి వెళ్లాలి. పొర పైనుంచి వెళితే అది చిరుగుతుంది. నిలువు పద్ధతిలో పదునైన మొనను నేరుగా దించుతారు. గట్టి శుక్లాలకు ఇది అనువు. కటకం వెనుక పొర మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, కాబట్టి తొందర పనికిరాదు. అందుకే చాలామంది ముందుగా ఒక్క గాడి తవ్వి, రెండుగా విడదీసి, తర్వాతే చాప్ చేసే ‘స్టాప్ అండ్ చాప్’తో మొదలుపెడతారు. మేక కళ్లపైనా, సిమ్యులేటర్లపైనా చేయి కుదిరాకే రోగి కంటిని తాకడం సరైన క్రమం.