వెన్ను ఆపరేషన్ తర్వాత... తన తహారత్ తానే!

పరిశుభ్రతకు విశ్వాసంలో సగం స్థానమిచ్చిన ధర్మం మనది. రోజుకు అయిదు పూటలా వుజూ చేసే మనిషి ఒకనాడు మరుగుదొడ్డికి పోవడానికి కూడా మరొకరి చేయి అడగవలసి వస్తే, ఆ బాధ కోత నొప్పి కంటే పెద్దది. వెన్ను ఆపరేషన్ అయినవారు నోరు విప్పి చెప్పుకోలేని బాధ ఇదే. కొందరు సిగ్గుతో నీళ్లు తాగడం తగ్గిస్తారు. మరికొందరు ‘పాక్‌గా లేను’ అంటూ నమాజే మానేస్తారు. ఈ రెండూ అవసరం లేదు.

మనం పాత నల్గొండ జిల్లా వాళ్లం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన పెద్దలను చూసినవాళ్లం. వంగలేని మనిషికి చెంబు నీళ్లు ఎంత దూరమో పెన్‌పహాడ్ పల్లెల్లో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ అంటే ఏమిటి?

విరిగిన, జారిన, లేదా క్షయ వ్యాధి తినేసిన వెన్నుపూసలను ఎముక ముక్కలతో ఒకటిగా అతికించడమే ఈ చికిత్స. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే వైద్యులు దీనికి నాంది పలికారు. నేడు స్క్రూలు, కడ్డీలు కూడా బిగిస్తున్నారు. అయినా ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు డాక్టర్లు మూడు పనులు వద్దంటారు: నడుము వంచడం, మెలితిప్పడం, బరువెత్తడం. నిండు బిందె ఎత్తరాదు. మంచం మీది నుండి లేచేటప్పుడు ఒళ్లంతా ఒకేసారి పక్కకు దొర్లి, కాళ్లు కిందికి దించి, చేతుల ఊతంతో లేవాలి.

ఇల్లు సిద్ధం చేయండి

ఆసుపత్రిలో కమోడ్, పట్టుకునే కడ్డీలు ఉంటాయి. ఇంటికి వస్తే గొంతుక్కూర్చునే దొడ్డి, తడి బండలు! కనుక రోగి రాకముందే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టాలి. సీటుకు రంధ్రం చేసిన గట్టి కుర్చీ అయినా, కదలకుండా నిలిస్తే పనికి వస్తుంది. గోడకు ఒక కడ్డీ బిగించాలి. ఇస్తిన్జాకు నీటి స్ప్రే గొట్టం ఉంటే సగం కష్టం తీరినట్లే. చేతిని వెనుకకు తిప్పితే నడుము మెలిపడుతుంది. కాళ్ల మధ్య నుండి ముందువైపుగా అందుకుంటే మేలు. నొప్పి మందులతో మలబద్ధకం వస్తుంది గనుక నీళ్లు, పండ్లు, ఆకుకూరలు ఎక్కువగా ఇవ్వాలి.

స్నానం స్టూలు మీద కూర్చునే చేయాలి. నీళ్ల బకెట్టు నేల మీద కాక, చేతికి అందే ఎత్తున ఉండాలి. డాక్టరు చెప్పేదాకా కుట్లు తడపరాదు. జుమా గుస్ల్ సున్నతే. దానికోసం గాయాన్ని ప్రమాదంలో పెట్టుకోవద్దు. ఫర్జ్ గుస్ల్ అయితే, నీరు హాని చేసే చోట కట్టు మీద తడి చేత్తో మసహ్ చేసి, మిగతా ఒళ్లు కడుక్కోవాలి.

షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

వుజూలో పాదాలు అందకపోతే కుర్చీలో కూర్చుని గొట్టంతో నీళ్లు పోసుకోవచ్చు. వేళ్ల సందులతో సహా పాదమంతా తడిస్తే చాలు. చేత్తో రుద్దడం హనఫీ ఫిఖహ్‌లో ఫర్జ్ కాదు. నీరు వాడితే జబ్బు ముదిరే పరిస్థితిలో తయమ్ముమ్ ఉండనే ఉంది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ దైవప్రవక్త (స)ను నమాజు గురించి అడిగారు. నిలబడి, కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చేయమన్నది ఆయనకు లభించిన సమాధాన సారాంశం. కుర్చీలో నమాజు చేసేవారు రుకూ, సజ్దాలు తల సైగతో చేస్తారు. సజ్దాకు తల మరికొంచెం దించుతారు. నడుము వంచనక్కర్లేదు.

ఇస్తిన్జా విషయంలో భార్యాభర్తలు ఒకరికొకరు సాయపడవచ్చు. జీవిత భాగస్వామి లేని రోగికి కొడుకు గానీ సోదరుడు గానీ వుజూ చేయించవచ్చు. రోగికి ఇస్తిన్జా శక్తి లేకపోతే ఆ బాధ్యతే తొలగిపోతుందని హనఫీ ఫుకహాలు చెప్పారు. మనిషి హయాకు ధర్మం ఇచ్చిన విలువ చూడండి! ఆరోగ్యం కోసం ఇతరులు శుభ్రం చేయక తప్పనప్పుడు చేతికి తొడుగు వేసుకుని, చూపు దించుకుని చేయాలి. సందేహం ఉంటే మీ ముఫ్తీ సాహెబును అడగండి.

సేవ పేరుతో చేతులు కట్టేయవద్దు

అబ్బా మీద ప్రేమతో పిల్లలు అన్నీ తామే చేసేస్తారు. అది కొద్ది రోజులకే తగును. నేడు ముఖం, రేపు చేతులు, ఆపైన స్నానం... డాక్టరు అనుమతించినంత మేరకు ఒక్కొక్క పని ఆయనకు తిరిగి అప్పగించాలి. ఆలస్యమైనా ఓర్చుకోవాలి. తలుపు బయట నిలబడి పిలిస్తే పలకడం కూడా ఖిద్మతే.

ఒక హెచ్చరిక. జ్వరం, కుట్ల నుండి చీము, కాళ్లలో కొత్తగా బలహీనత, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం కనిపిస్తే, సిగ్గుపడి దాచకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తన లోటా తానే పట్టుకుని, తన వుజూ తానే చేసుకున్న రోజు రోగికి పండుగ రోజు. అల్లాహ్ రోగులందరికీ షిఫా, వారి కుటుంబాలకు సహనం ప్రసాదించుగాక! ఆమీన్.