అక్షరం ఒక్కటే, ఆకృతులు వేరు

ఒక కళాశాలలో తెలుగు ప్రశ్నపత్రాన్ని లిబ్రే ఆఫీస్‌లో సరిగ్గా రెండు పుటలకు కుదిర్చారనుకుందాం. అదే ఫైలును ముద్రణాలయంలోని కంప్యూటరులో తెరవగానే చివరి ప్రశ్న మూడవ పుటలోకి జారిపోయింది. కొన్నిచోట్ల వత్తులు అక్షరం కింద ఇమడక పక్కన నిలిచాయి. నిజానికి ఫైలులో ఎవరూ ఒక్క అక్షరమైనా మార్చలేదు. మరి ఈ తేడా ఎక్కడి నుండి వచ్చింది?

సాధారణంగా ఫైలులో అక్షరాల ఆకృతులు ఉండవు. అక్షరాలకు కేటాయించిన సంకేత సంఖ్యలు, ఫాంటు పేరు, దాని పరిమాణం వంటి వివరాలు మాత్రమే ఉంటాయి. ఫాంటునే కొందరు ఖతి అని వ్యవహరిస్తున్నారు. ఆ ఫాంటు కంప్యూటరులో లేకపోతే సాఫ్ట్‌వేర్ మరొకదానిని తెచ్చి పెడుతుంది. చాలాసార్లు ఆ సంగతి చెప్పదు కూడా. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటు లినక్స్‌తో రాదు. అక్కడ లోహిత్ తెలుగు వంటివి ఉంటాయి. పైన గుడులు, కింద వత్తులు ఉండడం వలన తెలుగు వరుసకు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు ఎంత అన్నది ఒక్కొక్క ఫాంటులో ఒక్కొక్క విధంగా ఉంటుంది. వరుస ఎత్తు ముప్పైయవ వంతు పెరిగినా, ముప్పై వరుసల పుటలో ఒక వరుస తరువాతి పుటకు పోతుంది.

ఇంగ్లీషుకు ఈ చిక్కు కొంత తీరింది. 2007లో రెడ్ హ్యాట్ సంస్థ విడుదల చేసిన లిబరేషన్ ఫాంట్లలో అక్షరాల వెడల్పులు టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ ఫాంట్ల వెడల్పులకు సమానంగా ఉంటాయి. గౌతమికి అటువంటి జోడు లేదు.

ఫాంటు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. 'స్త్రీ' అన్న పదాన్ని గమనిస్తే, అది చూపుకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. చివర ఉన్న గుడిదీర్ఘం వెనుకకు పోయి 'స' తలపైకి ఎక్కాలి. త, ర వత్తులుగా మారాలి. ఫాంటులోని సూత్రాలను చదివి ఈ కూర్పు చేసే భాగాన్ని షేపింగ్ ఇంజన్ అంటారు. అది విఫలమైతే తెరపై 'స్‌త్‌రీ' అని విడివిడిగా కనిపిస్తుంది. ఓపెన్ ఆఫీస్ నుండి 2010లో వేరుపడిన లిబ్రే ఆఫీస్ చాలాకాలం విండోస్‌లో ఒక ఇంజన్‌ను, లినక్స్‌లో మరొకదానిని వాడింది. 2017లో వచ్చిన 5.3 నుండి అన్నింటా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజన్ పనిచేస్తున్నది. ఓపెన్ ఆఫీస్ 4.1లో ఈ మార్పు లేదు.

ఇంకొక మెలిక ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషుకు, తెలుగుకు వేర్వేరు ఫాంట్లను గుర్తుపెట్టుకుంటాయి. తెలుగు ఫాంటును నిర్ణయించే చోటు 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే పేరు కింద ఉంటుంది. ఆ పేరు చూసి అది తెలుగుకు సంబంధించినదని ఊహించడం కష్టమే.

ఫాంటును ఫైలులోనే పొదిగే సౌకర్యం లిబ్రే ఆఫీస్‌లో 2013లో వచ్చింది. అయితే ఫాంటు లైసెన్సు అందుకు అనుమతించాలి. మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంట్లకు ఆ ఆటంకం లేదు. ముద్రణకు మాత్రమే వెళ్ళే ప్రశ్నపత్రానికి పి.డి.ఎఫ్. చాలు, అందులో అక్షరాల ఆకృతులు కూడా ఫైలుతోపాటే వెళ్తాయి. ముద్రణాలయంలో తప్పు దిద్దవలసివస్తే మాత్రం పి.డి.ఎఫ్. అక్కరకు రాదు, మూలఫైలును, ఫాంటును కలిపి పంపవలసి ఉంటుంది.