పిలుపు వినువాడు, వినిపించువాడు



పిలుపు అను మాట మనకు క్రొత్తది కాదు. పెండ్లిపిలుపు, పేరంటపు పిలుపు, పంచాయతీపిలుపు, ఇవి గ్రామమున నిత్యము వినబడునవే. ‘పిలుచు’ అను ధాతువునుండి పుట్టిన యీ పదము మూడింటిని కోరును: పిలుచువాడొకడు, పిలువబడువాడొకడు, పిలుచుటకు ప్రయోజనమొకటి. పేరంటమునకు పిలిచినవారు రమ్మని చెప్పి యూరకుందురా? ఎవరింటికి, ఏ వేళకు, ఏ శుభకార్యమునకు అనునదియు చెప్పుదురు గదా!

క్రైస్తవుల వాడుకలో ఈ పదమునకొక ప్రత్యేకార్థము కలదు. ఒక యువకుడు తండ్రియెదుట నిలిచి, ‘నాకు దేవుని పిలుపు కలిగినది, నేను సేవకు పోయెదను’ అనును. తండ్రికి పొలము కనబడును, ముసలితల్లి కనబడును, పెండ్లి కావలసిన కూతురు కనబడును. కాదన్నచో దేవునికెదురాడినవాడనగుదునేమో యని భయము. ఔనన్నచో ఇల్లు కూలునేమో యని భయము. అప్పుడాతడు ఊరిపెద్దలయొద్దకు వచ్చి, ‘అయ్యా, ఇది దేవుని మాటయా, పిల్లవాని మనోరథమా?’ యని యడుగును. నేను బడిపంతులుగా నున్న కాలమున నాయొద్దకును ఇట్టి తండ్రులు పలుమారులు వచ్చిరి. ఈ ప్రశ్నకు వేదగ్రంథమును, చరిత్రయు ఇచ్చు సమాధానమును నాకు తెలిసినంతవరకు విన్నవించెదను.

మొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. పిలుపు అనునది పాదిరులకును ఉపదేశకులకును మాత్రమే కలుగునని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. క్రైస్తవ సంఘమునకు గ్రీకుభాషలో ‘ఎక్లేసియా’ అని పేరు. ఆ పదమునకు మూలమైన ధాతువునకు పిలుచుట యనియే యర్థము. కాబట్టి సంఘములో చేరిన ప్రతివాడును, నాగలి పట్టువాడైనను, మగ్గము నేయువాడైనను, పిలువబడినవాడే. దేవుని ప్రేమించుట, పొరుగువాని ప్రేమించుట అను పిలుపు అందరికిని సమానము. దీనినెరుగుటకు కలయు అక్కరలేదు, స్వరమును అక్కరలేదు.

ఈ సామాన్యమైన పిలుపునకు లోబడినదియే ఒక్కొక్కనికి ప్రత్యేకముగా కలుగు పిలుపు. అదియైనను ఉపదేశమునకే పరిమితము కాదు. నిర్గమకాండములో దేవుడు బెసలేలు అను పనివానిని పేరుపెట్టి పిలిచి, బంగారు, వెండి, ఇత్తడి పనులయందును, రత్నములు చెక్కుటయందును, కొయ్యపనియందును నేర్పు ననుగ్రహించెనని చెప్పబడినది. పౌలు అపొస్తలుడు కొరింథు పట్టణములో అకుల ప్రిస్కిల్లయను దంపతులతో కలిసి డేరాలు కుట్టి పొట్టపోసికొనెను. సేవచేయువాని చేతిలో సూదియున్నంతమాత్రమున ఆతని సేవకు కొరత కలుగలేదు.

ఈ సత్యము మధ్యకాలమున యూరపుఖండములో మరుగుపడెను. మఠములలో నుండువారిదే పిలుపు, తక్కినవారిది వట్టి బ్రతుకుతెరువు అను భావము ప్రబలెను. 1505వ సంవత్సరము జూలైనెలలో జర్మనీదేశమున మార్టిన్ లూథరు అను న్యాయశాస్త్ర విద్యార్థి స్టోటర్న్‌హైమ్ అను గ్రామముచెంత పోవుచుండగా దాపున పిడుగు పడెను. ప్రాణభీతిచే ఆతడు సన్న్యాసినయ్యెదనని మ్రొక్కుకొనెను. పదిహేను దినములలోనే ఎర్‌ఫుర్ట్ నగరములోని మఠమున చేరెను. కుమారుడు న్యాయవాది కావలెనని కోరియుండిన తండ్రి హాన్స్ మిక్కిలి కోపించెను. 1507లో కుమారుడు గురువై మొదటిమారు బలిపూజ జరిపిన దినమున, ఆ యురుము దేవునిదో, మోసగాడైన సాతానుదో విచారించితివా యని తండ్రి ప్రశ్నించి, తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞను జ్ఞాపకము చేసెను. ఆ మాట తన హృదయములో లోతుగా నాటినదని 1521లో లూథరు తండ్రికే వ్రాసెను. గృహస్థుని పని, చెప్పులుకుట్టువాని పని, పాలుపితుకు పడుచు పని, ఇవన్నియు దేవుని పిలుపులేయని ఆతడు పిమ్మట బోధించెను. ‘పిలుచు’ అనుటనుండి పుట్టిన ‘బెరూఫ్’ అను జర్మనుపదము నేడు ఆ దేశమున వృత్తి యను సామాన్యార్థములో చెల్లుచున్నది. దానికి ఆతని బోధయే ముఖ్యకారణము.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమనగా, భయము పలికించిన మ్రొక్కెల్ల పిలుపు కానేరదు. పరీక్ష తప్పినవాని విరక్తియు, ఇంట కలహించినవాని వైరాగ్యమును అట్టివే. అయినచో నిజమైన పిలుపును గుర్తించుటెట్లు? పెద్దలు విచారింపదగిన సంగతులు మూడు కలవు.

మొదటిది, నిలుకడ. సమూయేలను బాలుని దేవుడు ఒక్కమారు పిలిచి విడిచిపెట్టలేదు, నాలుగుమార్లు పిలిచెను. నేడు వచ్చి రేపు పోవు ఉత్సాహమును కాలమే తేల్చును. పంట చేతికి వచ్చువరకు ఆగుమన్నచో ఆగలేనివాడు, సేవలో పంట కనబడని యేండ్లను ఎట్లు సహింపగలడు?

రెండవది, ఉన్న ధర్మమును నెరవేర్చుట. తలిదండ్రులకు ఈయవలసినదానిని ‘కొర్బాను’, అనగా దేవార్పితము, అని చెప్పి యెగవేయువారిని యేసుప్రభువు కఠినముగా మందలించెను. అటులనే, ప్రభువు పిలిచినప్పుడు యాకోబు యోహానులు తండ్రియైన జెబెదయిని దోనెలో విడిచి వెంబడించిరి గదా యని కొందరందురు. నిజమే. కాని మార్కు సువార్తను సావధానముగా చదువుడు: ఆ దోనెలో తండ్రితోకూడ జీతగాండ్రును ఉండిరి. ముసలివాడు ఒంటిగా వలలు లాగవలసిన దుస్థితి లేదు. పిలుపు వచ్చిన యింట పెద్దలు మొదట చూడవలసినది ఇదియే: దోనెలో జీతగాండ్రున్నారా? లేనిచో సంఘము ఆ లోటును తీర్చగలదా? తీర్చగలిగిన సంఘము తీర్పక, ‘పోవలదు’ అని పిల్లవానిని గద్దించుట న్యాయము కాదు.

మూడవది, ఇతరుల సాక్ష్యము. పౌలు తిమోతిని వెంటబెట్టుకొని పోవుటకు ముందే లుస్త్రలోను ఈకొనియలోను నున్న సహోదరులు ఆ యువకుని మంచివాడని చెప్పుకొనుచుండిరి. అంతియొకయ సంఘము ఉపవాసముండి ప్రార్థించి, చేతులుంచి బర్నబాను సౌలును పంపెను. తనకు పిలుపు కలిగినదని తానొక్కడే చెప్పుకొనుట చాలదు; ఎరిగినవారు ‘ఔను’ అనవలయును.

ఈ మూడును ఒక్కచోట కనబడిన చరిత్రము మన తెలుగుదేశమునకు సంబంధించినదియే కలదు. వేదనాయగము సామ్యూలు అజరయ్యగారు 1874లో తిరునల్వేలి సీమలోని వెల్లాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆ గ్రామమున గురువు. అజరయ్యగారు మదరాసులో చదివి, 1895 మొదలు క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా పనిచేసి యూరూర తిరుగుచుండిరి. 1902లో యాఴ్పాణము పోయినప్పుడు, అచ్చటి తమిళక్రైస్తవులు తమవారినే సువార్తపనికి పంపుచుండుట చూచి వారి మనస్సు కదలెను. మరుసటి యేడు, అనగా 1903లో, తిరునల్వేలివారు స్వదేశపు మనుష్యులతో, స్వదేశపు ధనముతో, స్వదేశపు యాజమాన్యముతో ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. వారు తమ పనికై యెన్నుకొన్న స్థలము నాటి నిజాము రాజ్యములోని దోర్నకల్లు ప్రాంతము.

దూరదేశములకు పొండని ఇతరులకు చెప్పుచున్న తామే యేల పోరాదను ప్రశ్న అజరయ్యగారిని విడువలేదు. వెంటనే పరుగెత్తిపోలేదు, సంఘము స్థాపితమైన ఆరేండ్లకు, 1909లో, గురుపట్టము పొంది భార్యాబిడ్డలతో దోర్నకల్లు చేరిరి. అప్పటికి వారికి ముప్పదియైదేండ్ల ప్రాయము. పేరుపొందిన యుద్యోగము విడిచి, తెలుగును ఓనమాలనుండి నేర్చుకొనిరి. ఆ వయసున క్రొత్తభాష నేర్చుటెంత కష్టమో బడిపంతులనైన నేనెరుగుదును. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయమున వారు బిషపుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవినొందిన మొదటి భారతీయుడు వారే. భారతీయునికి ఆ పదవి తగదని యాక్షేపించినవారును లేకపోలేదు. వారు వాదమునకు దిగక పని సాగించిరి.

వారి పని ముఖ్యముగా ఊరివెలుపల నుంచబడిన మాల మాదిగ పల్లెలలో జరిగెను. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను, తన తలపై చేయి పెట్టించి, సువార్త చెప్పుట తన విధియని వారు పలికించెడివారు. పిలుపు బిషపుది మాత్రమే కాదు, నిన్న బాప్తిస్మము పొందిన కూలివానిది కూడనని దాని భావము. ఆ కూలివాడు కూలి మానలేదు. కలుపుతీయుచునే తోడివానికి చెప్పెను. ఆ విధముగనే సంఘము విస్తరించి లక్షకు మించినది. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయములో మన దేశపు మందిరముల, మసీదుల శిల్పరీతులు రెండును కలిసి కనబడును. 1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు దోర్నకల్లులోనే పరమపదించిరి. పిలుపు విన్నది ఒక దినమున కావచ్చును. దానిని అనుసరించుటకు ముప్పదియైదేండ్లు పట్టెను.

ఇక సమూయేలు కథలో మనవంటి పెద్దల వంతును గూర్చి చెప్పి ముగించెదను. షిలోహులోని మందిరమున యాజకుడైన ఏలీ వృద్ధుడు, కన్నులు మందగించినవి. రాత్రివేళ బాలుడు పరుగెత్తివచ్చి, ‘నీవు పిలిచితివి గనుక వచ్చితిని’ అనెను. దేవుని స్వరమును బాలుడు పెద్దవాని స్వరమనుకొనెను. ఏలీ చేసిన పనులు మూడు. రెండుమార్లు, ‘నేను పిలువలేదు’ అని నిజము చెప్పెను; బాలుని తన సొంతపనికి వాడుకొనలేదు. మూడవమారు, పిలుచుచున్నది దేవుడని తాను గ్రహించి, మరల పిలుపు వచ్చినచో ఏమని బదులు పలుకవలెనో నేర్పి పంపెను. తెల్లవారిన తరువాత, తన కుటుంబమునకు విరుద్ధమైన దండనవార్తను దాచవలదని బలవంతము చేసి చెప్పించుకొని, అది దేవుని చిత్తమని తలయొగ్గెను. ఏలీ తన కుమారులను దిద్దుకొనలేకపోయిన మాట సత్యమే. అయినను ఆ రాత్రి ఆతడు లేనిచో బాలునికి పిలుపు వినబడియు తెలియకపోయెడిది.

ఇంకొక చిన్నవిషయము ఆ యధ్యాయమున కలదు. అంతటి మహావాక్యమును విన్న బాలుడు మరునాడు ఉదయమున చేసిన మొదటి పని మందిరపు తలుపులు తీయుట. అది ఆతని నిత్యకృత్యము. పిలుపు వచ్చినదని దానిని మానలేదు.

కావున పెద్దలారా, మీ గ్రామమున ఏ పిల్లవాడైనను, పిల్లయైనను పిలుపు కలిగినదని వచ్చినచో నవ్వి పంపకుడు; వెంటనే పొగడకుడు. కూర్చుండబెట్టి కథయంతయు వినుడు. ఇంటి తలుపులు తీయుచున్నాడా యని చూడుడు. ఒక పంటకాలము ఆగుమనుడు. ఎరిగినవారిని విచారింపుడు. పిలుపు నిజమని తోచినచో ఆ తండ్రి దోనెలో జీతగాండ్రను నిలుపు భారమును సంఘమే వహింపవలయును. ఆ పిమ్మట దీవించి పంపుడు.